అంగిలి వెడల్పు చేయిస్తే బాబు ముక్కుతో ఊపిరి తీస్తాడా?

రాయగడ నుంచి అడిగిన అమ్మగారికి. మీ 11 ఏళ్ళ బాబు నోరు తెరిచి పడుకుంటాడు, గురక పెడతాడు, ఎక్స్‌పాండర్ (అంగిలికి బిగించి, స్క్రూ తిప్పుతూ దాన్ని వెడల్పు చేసే పరికరం) వేస్తే ముక్కు బాగుపడుతుందని పళ్ళ డాక్టరు అన్నారు, నమ్మొచ్చా అని కదా మీ ప్రశ్న. సగమే నమ్మండి.

నోటికి కప్పుగా ఉన్న అంగిలే పైనున్న ముక్కుకి నేల. దాని నడిమధ్య ఎముకకి ఓ అతుకుంటుంది, ఈ వయసులో అదింకా బిగుసుకోదు. స్క్రూ తిప్పితే అతుకు విడి ముక్కు అడుగుభాగం కూడా కాస్త వెడల్పవుతుంది. అయితే పై దవడ నిజంగా ఇరుకైతేనే, అంటే మూసినప్పుడు పై దవడ పళ్ళు కింది పళ్ళకి లోపలివైపు కూర్చుంటుంటేనే, ఈ పనికి దిగాలి. ఒక్క ముక్కు కోసమే వేయిస్తామంటే నేను ఒప్పుకోను. అడినాయిడ్స్ (ముక్కు వెనకుండే కండ) పెరిగినా, ఎలర్జీతో ముక్కులోపల కండ ఉబ్బినా స్క్రూ ఏమీ చెయ్యలేదు. అందుకే బరంపురంలోనో విశాఖలోనో ముందు ఈఎన్‌టీకి చూపించండి. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంటే అసలు ఆలస్యం చెయ్యకండి.

ఇంట్లో చిన్న పరీక్ష: చల్లటి స్టీలు పళ్ళెం ముక్కు కింద పెట్టి నోరు మూసి ఊపిరి వదలమనండి. రెండు వైపులా ఆవిరి మచ్చ పడాలి. ముక్కు వంతులవారీగా మూసుకుంటుంది కాబట్టి పొద్దున, రాత్రి కొన్నాళ్ళు చూస్తే గానీ తేలదు.

ఇక తిప్పడం, ఇంట్లో తప్పులు జరిగేది ఇక్కడే. స్క్రూ తిప్పే తాళంచెవికి దారం కట్టండి, జారితే గొంతులోకి పోతుంది. తాళంచెవిని స్క్రూ రంధ్రంలో పెట్టి ముందు నుంచి వెనక్కి, తర్వాతి రంధ్రం పూర్తిగా కనబడేదాకా తోయండి. సగంలో ఆపి లాగేస్తే మర్నాడు తాళంచెవి దూరదు. తీసేటప్పుడు వెనక్కే జార్చి తీయాలి, ముందుకి లాగితే తిప్పిందంతా తిరిగిపోతుంది. సాధారణంగా ఒక తిప్పుకి 0.25 మి.మీ., రోజుకి రెండు. మీ డాక్టరు చెప్పిన లెక్కే మీకు లెక్క. తేదీ వేసి కాగితం మీద గీత పెట్టుకోండి, లేకపోతే నాన్న తిప్పాడా, అమ్మ తిప్పిందా అని గొడవ.

కాసేపు ముక్కు మొదట్లో ఒత్తుడు, పలుకులో నత్తి మామూలే. వారం పది రోజుల్లో ముందు పళ్ళ మధ్య సందు వస్తుంది. అతుకు విడిందనడానికి అదే గుర్తు. 1860లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టర్ ఏంజెల్ 14 ఏళ్ళ అమ్మాయికి స్క్రూ వేసినప్పుడు కనబడిందీ ఆ సందే. దానంతటదే మూసుకుంటుంది. సందే రాకుండా దవడ పళ్ళు బుగ్గ వైపు వాలుతుంటే మాత్రం ఎముక కదలట్లేదు, పళ్ళే ఒరుగుతున్నాయి. తిప్పడం ఆపి ఫోను చెయ్యండి. పరికరాన్ని పంటికి పట్టి ఉంచే బ్యాండు ఊడినా అంతే, ఊడిన దాని మీద తిప్పకండి.

ముఢీ (మరమరాలు), జంతికలు స్క్రూ కింద ఇరుక్కుని పుళ్ళు చేస్తాయి, సూదిలేని సిరంజీతో నీళ్ళు చిమ్మి కడగండి. తిప్పడం రెండు మూడు వారాల్లో అయిపోతుంది కానీ సందులో కొత్త ఎముక నిండడానికి ఆరు నెలల దాకా పడుతుంది. అందాకా పరికరం నోట్లోనే ఉండాలి, పెళ్ళి ఫొటోల కోసం మధ్యలో తీయించారా, అంగిలి మళ్ళీ దగ్గరపడుతుంది.