తమ్ముడికి, హెచ్ఐవీ మందులు (ఏఆర్‌టీ) మొదలెట్టే ముందు

తమ్ముడూ,

హెచ్ఐవీ ఉందని తేలాక ఫోన్లో నువ్వు అడిగింది ఒక్కటే, "అక్కా నేనెన్నాళ్ళు బతుకుతా" అని. ఇన్నేళ్ళని డాక్టరు కూడా లెక్కేసి చెప్పలేడురా, కానీ గుంటూరు పెద్దాసుపత్రిలో (జీజీహెచ్) ఇవే మందుల కోసం ఏళ్ళ తరబడి కూర్చున్నదాన్ని కాబట్టి ఎవరు నిలబడ్డారో ఎవరు పోయారో కళ్ళారా చూశా. పోయినవాళ్ళల్లో ఎక్కువమంది బాగా ముదిరాక వచ్చినవాళ్ళు, లేకపోతే ఒంట్లో బాగుంది కదా అని మధ్యలో ఆపేసినవాళ్ళు.

2004లో ఫ్రీగా మందులివ్వడం మొదలైనప్పుడు సీడీ4 కౌంట్, అంటే ఒంట్లో రోగాల్ని ఎదిరించే కణాల లెక్క, 200 కిందకి పడేదాకా ఆగమనేవాళ్ళు, ఈలోపే టీబీ వచ్చేది. 2017 నుంచి కౌంట్ ఎంతున్నా మొదలెట్టేస్తున్నారు. నీకు 310 అన్నావుగా, ఇంకో నెల చూద్దాం అని మాత్రం అనకు. ఆ కౌంట్‌కి వేరే ఇన్ఫెక్షన్లు రాకుండా కోట్రైమాక్సజోల్ బిళ్ళ కూడా ఇస్తారు, అదెందుకులే అని పక్కన పడేయకు.

టీబీ గురించి గట్టిగా చెప్తున్నా. మనలాంటోళ్ళ ప్రాణాలు ఎక్కువగా తీసేది అదే. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు చెమటలు, వీటిల్లో ఏ ఒక్కటున్నా దాచకుండా చెప్పు, తెమడ పరీక్ష చేస్తారు. ఏమీ లేకపోతే టీబీ రాకుండా మందు ఇస్తారు, కోర్సు పూర్తిగా వాడు. ఒకవేళ టీబీ ఉండి దానికి మందులు వాడాల్సొస్తే ఏఆర్‌టీ డోసు మారుస్తారు, అందుకని టీబీ మందులిచ్చే చోటా, ఏఆర్‌టీ ఇచ్చే చోటా రెండు జబ్బుల సంగతీ చెప్పాలి.

ఇప్పుడు మామూలుగా రోజుకి ఒక్క బిళ్ళే, మూడు మందులు అందులోనే కలిపుంటాయి, టీఎల్‌డీ అంటారు. ఆటోనగర్‌లో నీ డ్యూటీ పగలూ రాత్రీ మారుతుంటది కాబట్టి ఏ షిఫ్టైనా కుదిరే టైం ఒకటి పెట్టుకో, ఫోన్లో అలారం పెట్టు, జేబులో రెండు బిళ్ళలు ఎప్పుడూ ఉంచుకో. గ్యాస్‌కి సిరప్ తాగే అలవాటుంది నీకు, అది దీంతో కలిపి తాగితే మందు ఒంటికి పట్టదు, బిళ్ళేసుకున్న రెండు గంటలకి తాగు. సిరప్ ముందే తాగేస్తే మాత్రం ఆరు గంటలు ఆగి బిళ్ళేసుకోవాలి. ఎవరో పసరు మందు ఇస్తే కౌంట్ పెరిగిందన్నారని ఇవి ఆపావో, వైరస్ మళ్ళీ లేస్తది, మందుకి లొంగకుండా తయారవుద్ది కూడా.

సిగరెట్టు మానెయ్ రా, బతిమాలుతున్నా. మందులు సరిగ్గా వేసుకునేవాళ్ళకి హెచ్ఐవీ కంటే సిగరెట్టే ఎక్కువ ఏళ్ళు మింగేస్తది. తాగుడు ఉన్న రాత్రి బిళ్ళ మర్చిపోవడం ఖాయం, అది వేరే చెప్పాలా. షుగరూ బీపీ, కిడ్నీలకి చేసే క్రియాటినిన్ టెస్టూ చూపించుకుంటూ ఉండు.

మరదలికి చెప్పు, తనకీ టెస్టు చేయించాలి. ఆరు నెలలకి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూస్తారు, అది కనపడనంత తగ్గి అలాగే నిలబడితే నీ నుంచి తనకి అంటదు, అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి. ఓనరుకి తెలిస్తే పనిలోంచి తీసేస్తాడని నీ భయం, 2017 చట్టం ప్రకారం హెచ్ఐవీ ఉందని అలా తీసెయ్యకూడదు. అసలు నువ్వు చెప్పాల్సిన పని కూడా లేదు. బెజవాడలో ఎవరైనా చూస్తారనిపిస్తే గుంటూరొచ్చెయ్, ఊరు మారినా ట్రాన్స్‌ఫర్ రాసిస్తారు, మందు మాత్రం ఆగకూడదు. రాత్రి నిద్ర పట్టకపోతే నాకు చెయ్, నేను ఎత్తకపోతే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి చెయ్, డబ్బులు పడవు.

సోమవారం పొద్దున్నే బయల్దేరు, ఆధార్, పాత రిపోర్టులు, ఎక్స్‌రే ఉంటే అదీ పట్టుకురా, నేను బస్టాండ్‌లో ఉంటా.