కస్టమర్ల కంట పడుతున్న ‘రీసెంట్’ ఫైళ్లు

ప్రశ్న: డీటీపీ షాపు నడుపుతున్నాను. సిస్టంలో విండోస్ బదులు ఉబుంటు 24.04 అనే ఆపరేటింగ్ సిస్టం ఉంది. ఏ ఫైలు తెరవబోయినా ‘రీసెంట్’లో పాతవన్నీ బారులు తీరుతున్నాయి. మొన్న పెళ్లికార్డు ప్రూఫ్ చూసుకుందామని పక్కన కూర్చున్నావిడ, అందులో వాళ్ల వీధివాళ్ల విడాకుల నోటీసు పేరు చదివేసింది! లిస్టు తీసేస్తే కస్టమర్ల ఫైళ్లు కూడా పోతాయేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఫైళ్లకు ఏమీ కాదండీ, నిశ్చింతగా తీసేయండి. ‘రీసెంట్’లో ఉండేది ఫైలు కాదు, దాని చిరునామా మాత్రమే. మీ హోం ఫోల్డర్‌లో దాగి ఉండే ‘రీసెంట్లీ-యూజ్డ్.ఎక్స్‌బెల్’ అనే చిన్న ఫైల్లో ఈ చిట్టా అంతా ఉంటుంది. ఏ ఫైలు, ఎక్కడుంది, ఏ ప్రోగ్రాంతో ఎప్పుడు తెరిచారు... అంతే. టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూడండి, సరదాగా ఉంటుంది. తెలుగులో పెట్టిన పేర్లయితే అక్కడ గుర్తుపట్టలేరు. ‘క’ అన్న ఒక్క అక్షరానికే మూడు శాతం గుర్తులు, వాటి వెంట అంకెలూ అక్షరాలూ వస్తాయి.

సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’, అందులో ‘ఫైల్ హిస్టరీ అండ్ ట్రాష్’కి వెళ్లండి. ‘క్లియర్ హిస్టరీ’ నొక్కితే ఇప్పటిదాకా ఉన్నది పోతుంది. పైనున్న స్విచ్ ఆపేస్తే ఇకమీదట ఏదీ గుర్తుపెట్టుకోదు. నన్నడిగితే ఆపొద్దు. పెళ్లిళ్ల సీజన్లో ‘మామయ్య పేరు తప్పుపడింది’ అంటూ మర్నాడే వస్తారు కదా, అప్పుడు ఫైలు వెతుక్కోవాల్సింది మీరే. చిట్టా ఎన్నాళ్లు ఉండాలనే గడువును అక్కడే 1 రోజుకో 7 రోజులకో పెట్టుకోండి. ఒక్క పేరే ఇబ్బందనుకుంటే, ఫోల్డర్లు చూపించే ‘ఫైల్స్’ ప్రోగ్రాంలోని ‘రీసెంట్’లో దానిపై రైట్ క్లిక్ చేసి, లిస్టు నుంచి తీసేయొచ్చు. పొరపాటున ‘ట్రాష్’ నొక్కారంటే మాత్రం అసలు ఫైలే కదిలిపోతుంది, చూసుకోండి.

డాక్యుమెంట్లు టైపు చేసే లిబ్రే ఆఫీస్ ప్రోగ్రాం వాడుతుంటే దానిది వేరే లెక్క. దాని లిస్టు అది సొంతంగా రాసుకుంటుంది. పైగా తెరవగానే మొదటి పేజీ బొమ్మతో సహా చూపిస్తుంది, మీకు ఇదే ఎక్కువ ప్రమాదం. ఫైల్ మెనూలో ‘రీసెంట్ డాక్యుమెంట్స్’ కింద ఉన్న ‘క్లియర్ లిస్ట్’తో దాన్ని విడిగా తుడవాలి.

ఇంకో మాట. గడువు 1 రోజు పెట్టినా పొద్దున టైపు చేసింది సాయంత్రం వచ్చినవాళ్లకి కనబడుతూనే ఉంటుంది. నోటీసులు, అఫిడవిట్ల ఫైళ్లకు మనుషుల పేర్లు మానేసి బిల్లు నంబరు పెట్టండి. కస్టమర్లే కూర్చుని వాడుకునే సిస్టమైతే వాళ్లకో వేరే యూజర్ అకౌంట్ తెరవండి. చిట్టా ఏ యూజర్‌ది ఆ యూజర్‌కే ఉంటుంది.