క్రాస్ కంట్రీ పరుగెత్తే అమ్మాయికి కాలేజీ దారి

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. మా అమ్మాయి లెవెన్త్ గ్రేడ్, స్కూల్ క్రాస్ కంట్రీ టీమ్‌లో ఉంది. ఈ సీజన్‌లో హోమ్‌డెల్ పార్క్‌లో 5 కిలోమీటర్లు 20 నిమిషాల 10 సెకన్లలో పరుగెత్తింది. పోయిన వసంతంలో ట్రాక్ మీద 3200 మీటర్లు 11:38. చదువులో దాదాపు అన్నీ ఏ గ్రేడ్లే. ఇంజినీరింగ్ చదువుతూ కాలేజీ టీమ్‌లో కూడా పరుగెత్తుతానంటోంది. మావారేమో ఇక చాలు, ఎస్‌ఏటీ మీద కూర్చోమంటున్నారు. స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ వస్తుంది, ఒక రిక్రూటింగ్ కంపెనీకి నాలుగు వేల డాలర్లు కడితే వాళ్ళే చూసుకుంటారని తెలిసినవాళ్ళు చెబుతున్నారు. ఇంకో సంగతి, బరువు తగ్గితే టైమ్ తగ్గుతుందని ఈ మధ్య రాత్రి భోజనం మానేసింది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన సంగతి నుంచే మొదలుపెడతాను. మిగతావన్నీ నెలల తరబడి జరిగే పనులు. ఇది ఈ వారం పని.

తిండి తగ్గించిన పిల్లకి మొదట్లో ఒక నెలో రెండు నెలలో నిజంగానే టైమ్ తగ్గవచ్చు. అందుకే ఆ అలవాటు ఒక పట్టాన వదలదు. కానీ వారానికి ముప్పై, నలభై మైళ్ళు పరుగెత్తే ఒంటికి సరిపడా తిండి అందకపోతే ఆడపిల్లల్లో పీరియడ్స్ తప్పడం మొదలవుతుంది, ఎముకల బలం తగ్గుతుంది, ఆ తర్వాత కాలి ఎముకలోనో పాదంలోనో స్ట్రెస్ ఫ్రాక్చర్ వస్తుంది. డాక్టర్లు దీన్ని రెడ్-ఎస్ అంటారు. పీరియడ్స్ ఆగిపోతే ‘పరుగెత్తే పిల్లలకి అది మామూలే’ అని ఎవరైనా అంటారు, కోచ్‌లు కూడా కొందరు అంటారు. నమ్మకండి. పీడియాట్రీషియన్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి బాగుందనుకోకుండా, ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్, విటమిన్ డి కూడా చూడమనండి. హిమోగ్లోబిన్ మామూలుగానే ఉండి, ఐరన్ నిల్వలు అడుగంటిన పిల్లలు చాలామంది ఉంటారు. మీది శాకాహారమైతే ఇది మరీ ముఖ్యం. పాలకూర పప్పు తింటోంది కదా అని మనం ధీమాగా ఉంటాం, ఆకుకూరల్లో ఉన్న ఐరన్ ఒంటికి పట్టేది తక్కువ. భోజనంతోపాటు టీ తాగితే ఇంకా తక్కువ. నిమ్మకాయ పిండుకుంటే కొంత మేలు. ఐరన్ మాత్రలు మాత్రం డాక్టర్ చెప్పకుండా వెయ్యకండి.

ప్రాక్టీస్ ఐదింటికి అయిపోతుంది. మన ఇళ్ళలో భోజనాలు ఎనిమిదిన్నరకి. మధ్యలో మూడున్నర గంటలు ఆ పిల్ల ఉత్త కడుపుతో హోంవర్క్ చేస్తుంది, భోజనం వేళకి ఆకలి చచ్చిపోయి ఉంటుంది. ఇంటికి రాగానే కప్పు పెరుగన్నం, రెండు గుడ్లు, అరటిపండు, ఏదైనా సరే, కడుపులో పడాలి. రాత్రి భోజనం మళ్ళీ మామూలే. పదిహేను నుంచి పదిహేడేళ్ళ మధ్య ఒళ్ళు మారే దశలో చాలామంది అమ్మాయిల టైమ్‌లు ఒకచోట ఆగిపోతాయి. ఆ దశ దాటాక మళ్ళీ తగ్గుతాయి. మంచి కాలేజీ కోచ్‌లకి ఇది బాగా తెలుసు, సీనియర్ ఇయర్‌లో సన్నబడిపోయి హఠాత్తుగా మెరిసిన అమ్మాయిని చూస్తే వాళ్ళు సంబరపడరు, జంకుతారు. అమ్మాయికి ఈ మాట చెప్పండి.

ఇక స్కాలర్‌షిప్. మీకు చెప్పినవాళ్ళు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ లెక్క వేరు. ఇక్కడ కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ అనే సంఘం కాలేజీలని మూడు డివిజన్లుగా విడదీసింది, ఆటలకి ఎక్కువ ఖర్చుపెట్టే పెద్ద టీమ్‌లు ఉండేది డివిజన్ 1లో. ఆ డివిజన్ 1 కాలేజీల్లో మొన్నమొన్నటిదాకా మహిళల క్రాస్ కంట్రీ, ట్రాక్ రెండూ కలిపి మొత్తం 18 స్కాలర్‌షిప్‌లు ఉండేవి. మగవాళ్ళకి 12.6. పరుగుపందేల వాళ్ళు, హైజంప్ వాళ్ళు, షాట్‌పుట్ వాళ్ళు అందరూ ఆ మూటలోంచే పంచుకోవాలి. పూర్తి స్కాలర్‌షిప్ అందేది ఏ కొద్దిమందికో, మిగతావాళ్ళకి పావో పరకో. కాలేజీ ఆటగాళ్ళు తమకి రావాల్సిన డబ్బు కోసం ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్ తర్వాత 2025 జులై నుంచి, ఆ ఒప్పందంలో చేరిన కాలేజీలకి స్కాలర్‌షిప్‌ల పరిమితి తీసేసి టీమ్ సంఖ్య మీద పరిమితి పెట్టారు. క్రాస్ కంట్రీలో 17 మంది, అంతే. ఎన్ని స్కాలర్‌షిప్‌లైనా ఇవ్వవచ్చు గానీ, డబ్బు ముందుగా వెళ్ళేది ఫుట్‌బాల్‌కి, బాస్కెట్‌బాల్‌కి. ఇదివరకు వాక్-ఆన్‌గా, అంటే స్కాలర్‌షిప్ లేకుండా చేరి రెండేళ్ళలో ఎదిగే పిల్లలకి అలాంటి చోట్ల ఇప్పుడు జాగా తగ్గిపోయింది. పైగా పెద్ద టీమ్‌లు కెన్యా లాంటి దేశాల నుంచి పరిణతి చెందిన రన్నర్లని తెచ్చుకుంటాయి. 2024లో డివిజన్ 1 మహిళల క్రాస్ కంట్రీ ఛాంపియన్ అలబామా యూనివర్సిటీకి పరుగెత్తిన కెన్యా అమ్మాయి డోరిస్ లెమ్‌న్గోలే. కాబట్టి ఫీజు కట్టడానికి పరుగు మీద ఆశ పెట్టుకోకండి.

అయితే పరుగు వల్ల వచ్చేదేమిటి? మీ అమ్మాయి లాంటి చదువుకునే పిల్లకి అది అడ్మిషన్‌లో కలిసొస్తుంది. ఇక్కడే మనవాళ్ళు పొరపడేది. డివిజన్ అనగానే మనకి ఇంటర్ మార్కుల మెమో గుర్తొచ్చి, డివిజన్ 3 అంటే థర్డ్ క్లాస్ అనుకుంటాం. ఎంఐటీ, జాన్స్ హాప్‌కిన్స్, యూనివర్సిటీ ఆఫ్ షికాగో, కార్నెగీ మెలన్, పొమోనా క్రాస్ కంట్రీ పరుగెత్తేది డివిజన్ 3లో. మీకు దగ్గర్లో హోబోకెన్‌లోని స్టీవెన్స్, యూయింగ్‌లోని కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ కూడా అందులోవే. డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు. హార్వర్డ్ లాంటి పాత కాలేజీల ఐవీ లీగ్ డివిజన్ 1లో ఉన్నా అక్కడా ఉండదు. అయినా 2023, 2024 రెండేళ్ళూ డివిజన్ 1 పురుషుల క్రాస్ కంట్రీ టైటిల్ గెలిచింది హార్వర్డ్ కుర్రాడు గ్రాహమ్ బ్లాంక్స్. ఇలాంటి కాలేజీల్లో చాలాచోట్ల, కోచ్‌కి మీ అమ్మాయి కావాలనిపిస్తే, లెవెన్త్ గ్రేడ్ అయిపోయిన జులైలో ఆమె మార్కులు, స్కోర్లు, సీనియర్ ఇయర్‌లో తీసుకోబోయే కోర్సులు అడ్మిషన్ ఆఫీసు ముందు పెడతారు. దీన్ని ప్రీ-రీడ్ అంటారు. అప్లికేషన్ వెయ్యకముందే ‘ఫర్వాలేదు’ అనో ‘కష్టం’ అనో ఒక సంకేతం వస్తుంది. అది సీటు ఇస్తామన్న మాట కాదు. కోచ్ అండ ఎంత పనిచేస్తుందన్నది కూడా కాలేజీని బట్టి ఉంటుంది. ఎంఐటీలో కోచ్ మాటకున్న బరువు తక్కువ, కొన్ని చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో చాలా ఎక్కువ. కోచ్‌ని సూటిగా అడగవచ్చు: ‘నా అప్లికేషన్‌కి మీ సపోర్ట్ ఉంటుందా, అది ఎంతవరకు పనిచేస్తుంది?’ ఈ ప్రశ్నకి తిన్నగా జవాబు చెప్పని కోచ్ దగ్గర ఎర్లీ డెసిషన్ వెయ్యవద్దు. అది కట్టుబడే అప్లికేషన్, వస్తే చేరాల్సిందే.

డబ్బు సంగతి కూడా ముందే మాట్లాడుకోండి. ఎంఐటీ, విలియమ్స్, పొమోనా, ఐవీలు ఇచ్చేది కుటుంబ ఆదాయాన్ని బట్టే, మెరిట్ స్కాలర్‌షిప్ అంటూ ఉండదు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంటికి అక్కడ పెద్దగా తగ్గేది ఏమీ ఉండకపోవచ్చు. ఒక్కో కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది, మీరూ మీవారూ కలిసి ఒక సాయంత్రం కూర్చుని లెక్క వేసుకోండి. మీరింకా హెచ్-1బీ మీద, అమ్మాయి హెచ్-4 మీద ఉంటే ఆమెకి ఫెడరల్ ఎయిడ్ రాదు, అది గుర్తుంచుకోండి.

ఇప్పుడు టైమ్‌లు. హోమ్‌డెల్‌లో 20:10 బయటివాళ్ళకి చెబితే అర్థం కాదు. ఎక్కుడుతో మొదలై, మధ్యలో ‘బౌల్’ అనే గుంటలోకి దిగి మళ్ళీ పైకి పాకాల్సిన కోర్సు అది. అదే అమ్మాయి చదును కోర్సులో ఇంకా ముందే వచ్చేస్తుంది. కోర్సు కోర్సుకీ ఇంత తేడా కాబట్టే కాలేజీ కోచ్‌లు ముందుగా చూసేది ట్రాక్ మీద 1600, 3200 టైమ్‌లు. 11:38 చాలా డివిజన్ 3 టీమ్‌ల కోచ్‌లు జవాబు రాసే టైమ్. వాటిలో జాతీయ స్థాయిలో ఉన్న టీమ్‌లకి 11 నిమిషాల దగ్గరికి రావాలి. పెద్ద డివిజన్ 1 టీమ్‌లు 10:40 కన్నా తక్కువ టైమ్‌లో వచ్చేవాళ్ళ వెంటే పడతాయి. ఇవి నా అంచనాలు. సరైన జవాబు మీ అమ్మాయే వెతుక్కోవచ్చు: టీఎఫ్‌ఆర్‌ఆర్‌ఎస్ అనే సైట్‌లో కాలేజీ టీమ్‌ల ఫలితాలన్నీ ఉంటాయి. తనకి నచ్చిన కాలేజీలో ఇప్పుడు ఫస్ట్ ఇయర్, సెకండ్ ఇయర్ చదువుతున్న అమ్మాయిల పేర్లు తీసుకుని, వాళ్ళు లెవెన్త్ గ్రేడ్‌లో ఎంత పరుగెత్తారో మైల్‌స్ప్లిట్‌లోనో అథ్లెటిక్ డాట్ నెట్‌లోనో చూడమనండి. కాలేజీలో అమ్మాయిల పందెం 6 కిలోమీటర్లు. ఏడుగురు పరుగెత్తితే మొదటి ఐదుగురి స్థానాలు కూడి స్కోర్ కడతారు. మొదటి ఏడాది పదో పన్నెండో స్థానంలో ఉండి, మూడో ఏడాదికి ఆ ఏడుగురిలోకి రాగల టీమ్ అయితే బాగుంటుంది. ఎప్పటికీ చిట్టచివర మిగిలిపోయే టీమ్‌లో పేరు గొప్పగా ఉన్నా పిల్ల నలిగిపోతుంది.

ఆ నాలుగు వేల డాలర్లు కట్టకండి. టైమ్‌లన్నీ నెట్‌లో ఎవరైనా చూడవచ్చు, వీడియోలు ఎవరికీ అక్కర్లేదు. పరుగులో దాచిపెట్టిన ప్రతిభంటూ ఉండదు, దాన్ని అమ్మిపెట్టడానికి మధ్యవర్తీ అవసరం లేదు. టీమ్ వెబ్‌సైట్‌లో రిక్రూట్ ఫారం ఉంటుంది, అది నింపి, కోచ్‌కి మెయిల్ రాస్తే చాలు. మెయిల్ మీ అమ్మాయే, తన అకౌంట్ నుంచే రాయాలి. పేరు, స్కూల్, గ్రాడ్యుయేట్ అయ్యే సంవత్సరం, 1600, 3200 టైమ్‌లు, హోమ్‌డెల్ టైమ్, జీపీఏ, ఏ ఇంజినీరింగ్ కావాలి, ఆ కాలేజీయే ఎందుకు. ఏడెనిమిది వాక్యాలు మించనక్కర్లేదు. మనకి పిల్లల తరఫున మాట్లాడటం అలవాటు, అది ప్రేమే. కానీ కోచ్ ఫోన్ చేసినప్పుడు స్పీకర్ పెట్టి పక్కన కూర్చోకండి. ఫీజుల సంగతి వచ్చినప్పుడు మీరు మాట్లాడండి. డివిజన్ 1 కోచ్‌లకి టెన్త్ గ్రేడ్ అయ్యాక జూన్ 15 నుంచి పిల్లలతో మాట్లాడే వీలుంది. కాబట్టి ఇప్పటికే తలుపు తెరిచే ఉంది. డివిజన్ 1, 2 ఆలోచన ఉంటే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో పేరు నమోదు చేసి, వాళ్ళు హైస్కూల్‌లో చదవాలనే 16 కోర్ కోర్సుల లెక్క సరిపోయిందేమో కౌన్సెలర్‌ని అడగండి. మన పిల్లలకి ఇది సాధారణంగా ఇబ్బంది పెట్టదు.

మీవారి మాట కూడా కొట్టిపారెయ్యవద్దు. ఎంఐటీ ఎస్‌ఏటీనో ఏసీటీనో తప్పనిసరి చేసింది. ప్రీ-రీడ్‌కి స్కోర్ చేతిలో ఉంటే కోచ్ పని తేలికవుతుంది. క్రాస్ కంట్రీ సీజన్ అయిపోయింది కాబట్టి ఈ చలికాలం చదువుకుని మార్చిలో పరీక్ష రాస్తే, ఏప్రిల్, మే నెలలు ట్రాక్‌కి మిగులుతాయి. లెవెన్త్ గ్రేడ్ వసంతంలో వచ్చే 3200 టైమే ఆమెకి అన్నిటికంటే ముఖ్యమైన టైమ్. దాన్ని వదిలి పుస్తకాలే పట్టుకోమంటే రెండు రకాలా నష్టం. మీవారిని ఒక్కసారి మీట్‌కి రమ్మనండి. స్కోరు కార్డు చూసి కాదు, చివరి మైలు దగ్గర నిలబడి చూడమనండి.

ఏ టీమ్‌లోనూ చోటు దొరకకపోయినా, లేదా రట్గర్స్ లాంటి పెద్ద యూనివర్సిటీలో మంచి కోర్సు వచ్చి అక్కడి డివిజన్ 1 టీమ్ అందకపోయినా పరుగు ఆగిపోనక్కర్లేదు. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులే నడుపుకునే రన్నింగ్ క్లబ్‌లు ఉంటాయి. నిర్కా అనే సంఘం ఆ క్లబ్‌లకి జాతీయ క్రాస్ కంట్రీ పోటీలు పెడుతుంది. కోచ్ ఒత్తిడి ఉండదు, ఇంజినీరింగ్ ల్యాబ్‌లతో గొడవ ఉండదు, జెర్సీ మాత్రం ఉంటుంది. కొంతమంది పిల్లలకి ఇదే సరైన చోటు.

వచ్చే వేసవిలో కాలేజీలు చూడటానికి వెళ్ళినప్పుడు కోచ్‌తో గంట మాట్లాడితే, టీమ్ అమ్మాయిలతో రెండు గంటలు గడపనివ్వండి, మీరు పక్కన లేకుండా. వెళ్ళేముందు ఆ టీమ్ రోస్టర్‌లు, అంటే సభ్యుల జాబితాలు, నాలుగేళ్ళవీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. పాత రోస్టర్లు వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. మొదటి ఏడాది ఎనిమిది మంది అమ్మాయిలు చేరి, నాలుగో ఏడాదికి ఇద్దరే మిగిలితే మిగతా ఆరుగురు ఏమయ్యారని అడగాలి. గాయాలా, చదువు భారమా, కోచ్‌తో పడలేదా? టీమ్‌లో అమ్మాయిలు తడుముకోకుండా చెబితే ఆ కాలేజీ లిస్ట్‌లో ఉంచండి. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటే తీసెయ్యండి.