సోమవారం అర్జీ ‘పరిష్కరించబడింది’, మత్తు డాక్టర్ మాత్రం రాలేదు

ప్రశ్న: మాది ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా కేంద్రానికి 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న టౌన్. ఊళ్లో 30 పడకల ప్రభుత్వ ఆస్పత్రి (సీహెచ్‌సీ) ఉంది. నాలుగు నెలల కిందట నా భార్యకు అర్ధరాత్రి నొప్పులొస్తే తీసుకెళ్లాం. ఆపరేషన్ చేయాలి, మత్తు డాక్టర్ లేరు అని చీటీ రాసి పంపేశారు. 108 వేరే కేసులో ఉందన్నారు. కారు మాట్లాడుకుని ప్రైవేటు ఆస్పత్రికి పోయాం. తల్లీబిడ్డ క్షేమమే గానీ బిల్లు 58,000 అయింది. మా వీధిలో ఈ ఏడాది ఇలా వెళ్లినవాళ్లలో మేం మూడోవాళ్లం. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ మూడుసార్లు ఇచ్చాను. మూడుసార్లూ ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. ప్రభుత్వాన్ని కోర్టుకు లాగవచ్చా? లాగితే ఏమైనా వస్తుందా?

జవాబు: లాగవచ్చు. కానీ ఇప్పుడు మీ దగ్గరున్న కాగితాలతో వెళ్తే మొదటి వాయిదాకే చిక్కుల్లో పడతారు. ఒక రిఫరల్ చీటీ, ఒక బిల్లు, మూడు మెసేజ్‌లు, అంతేగా? ప్రభుత్వ ప్లీడర్ లేచి ‘పోస్టు మంజూరైంది, భర్తీ ప్రక్రియ నడుస్తోంది’ అంటే, కాదని చూపడానికి మీ చేతిలో ఏమీ లేదు.

చట్టం మాత్రం మీ పక్షానే ఉంది. 1992లో పశ్చిమ బెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీ రైలు నుంచి జారిపడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. ప్రభుత్వ ఆస్పత్రులు ఒకదాని తర్వాత ఒకటి, మంచం లేదనో వసతి లేదనో తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో చేరితే సుమారు 17,000 ఖర్చయింది. మీ కథే, ఖర్చు అంకె మారిందంతే. పశ్చిమ్ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసుగా అది సుప్రీంకోర్టుకు వెళ్లింది. అత్యవసర వైద్యం అందించకపోవడం, జీవించే హక్కు ఇచ్చే రాజ్యాంగంలోని 21వ అధికరణాన్ని ఉల్లంఘించడమేనని 1996లో కోర్టు చెప్పింది. డబ్బు లేదన్న సాకుతో ఈ బాధ్యత నుంచి ప్రభుత్వం తప్పుకోలేదని కూడా చెప్పింది. 25,000 పరిహారం ఇప్పించింది. ఏ ఆస్పత్రిలో మంచం ఖాళీగా ఉందో తెలిసే ఏర్పాటు, అంబులెన్సుల సంగతి కూడా తీర్పులోకి వచ్చాయి.

ప్రసవాల విషయంలో ఇంకా దగ్గరి తీర్పు ఉంది. గర్భిణీ ప్రాణాలతో బయటపడటం ఆమె ప్రాథమిక హక్కు అని 2012లో మధ్యప్రదేశ్ హైకోర్టు, ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యంలో అంది. పైగా 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం అమల్లో ఉంది. దాని ప్రకారం ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం అన్నీ ఉచితం. ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి పంపితే బండి కూడా వాళ్లే ఏర్పాటు చేయాలి. మీరు మాట్లాడుకున్న కారు బాడుగ రశీదు ఉంటే పారేయకండి.

ఇక అసలు పని. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ‘మా ఆస్పత్రికి మత్తు డాక్టర్‌ను ఎందుకు వేయలేదు?’ అని రాస్తారు. ‘ఎందుకు’ అన్నదానికి జవాబిచ్చే బాధ్యత సమాచార అధికారికి లేదు. ఉన్న రికార్డు ఇస్తే చాలు. కాబట్టి రికార్డే అడగండి. ఈ ఆస్పత్రికి మంజూరైన పోస్టులు ఎన్ని, ఎవరెవరు ఎప్పుడు చేరారు, ఏ పోస్టు ఏ తేదీ నుంచి ఖాళీ? ఫలానా తేదీ రాత్రి డ్యూటీ చార్ట్ నకలు. గత రెండేళ్లలో కాన్పు కేసులు ఎన్ని బయటికి రిఫర్ చేశారు, నెలవారీగా, పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. మీ మూడు అర్జీలు ఏ కారణం చూపి మూసేశారో ఆ నోట్ నకలు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి: డిప్యుటేషన్ (ఒక చోటి ఉద్యోగిని తాత్కాలికంగా వేరే చోట పనికి పంపడం) ఉత్తర్వుల నకళ్లు. నా అనుభవంలో సగం గుట్టు అక్కడే బయటపడుతుంది. కాగితం మీద పోస్టు నిండే ఉంటుంది, జీతం మీ ఆస్పత్రి పేరునే డ్రా అవుతుంది, డాక్టర్ గారు మాత్రం ఏడాదిగా ఇంకెక్కడో పనిచేస్తుంటారు. ‘ఖాళీ’ అనుకుని భర్తీ కోసం మీరు ధర్నా చేస్తే అధికారులు లోపల నవ్వుకుంటారు. అలాంటి ఉత్తర్వు ఒక్కటి దొరికినా ‘భర్తీ ప్రక్రియ’ అన్న వాదన అక్కడికక్కడే పడిపోతుంది.

దరఖాస్తు తెలుగులోనే రాయండి, ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు. జిల్లాలోని ఇలాంటి ప్రభుత్వ ఆస్పత్రులను చూసే డీసీహెచ్‌ఎస్ (జిల్లా ఆస్పత్రి సేవల సమన్వయ అధికారి) కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపండి. అది వాళ్ల పరిధి కాకపోతే ఐదు రోజుల్లో సరైన ఆఫీసుకు బదిలీ చేయాల్సింది వాళ్లే. ఫీజు పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు రుజువు జతచేస్తే అదీ లేదు. 30 రోజులు చూడండి. జవాబు రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు అక్కడి పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకుంటే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు. ఈలోగా మీ భార్య కేస్ షీట్ నకలు ఆస్పత్రిలో అడగండి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళిలోనే ఉంది.

బిల్లు సంగతి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని ఎవరో ఒకరు సలహా ఇచ్చే ఉంటారు. వెళ్లకండి. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రి ఆ చట్టం కిందికి రాదని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది, ఓపీ చీటీకి నామమాత్రపు రుసుము తీసుకున్నా అంతే. మీకు పనికొచ్చేది శాశ్వత లోక్ అదాలత్. న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో ‘ప్రజోపయోగ సేవలు’ అని ఒక జాబితా ఉంది, అందులో ఆస్పత్రి సేవ కూడా ఒకటి. కోర్టు ఫీజు లేదు. రాజీ కుదరకపోతే తీర్పు చెప్పే అధికారం కూడా దానికి ఉంది, మామూలు లోక్ అదాలత్‌కు అది లేదు. అయితే అదే తగాదాతో ముందు ఏ కోర్టు మెట్లూ ఎక్కి ఉండకూడదు.

డాక్టర్ కోసమైతే హైకోర్టే, 226వ అధికరణం కింద రిట్ పిటిషన్ (ప్రభుత్వం తన బాధ్యత నెరవేర్చేలా ఆదేశించమని కోరే వ్యాజ్యం). ముందు ఆర్టీఐ జవాబులు జతచేసి వైద్యారోగ్య శాఖ ముఖ్య కార్యదర్శికి రాతపూర్వకంగా అడగండి, కొంత గడువు ఇవ్వండి. అడిగినా చేయలేదు అన్న మెట్టు దాటకుండా రిట్ వేస్తే, ముందు అక్కడికెళ్లి అడగమని కోర్టే తిప్పి పంపుతుంది. మీ వీధిలోని మిగతా ఇద్దరి రిఫరల్ చీటీలు కూడా సంపాదించండి. ఒకరి కష్టం వేరు, రెండేళ్ల రిఫరల్ అంకెలు వేరు. ఫలానా డాక్టర్‌నే వేయమని హైకోర్టు చెప్పదు. ఎప్పటిలోగా ఎలా సర్దుతారో అఫిడవిట్ వేయమని మాత్రం గట్టిగా అడుగుతుంది, ఆ అఫిడవిట్ పడేలోపే డిప్యుటేషన్‌లు రద్దయిన సందర్భాలు నేను చూశాను.

వకీలు ఫీజు గురించి బెంగ పెట్టుకోకండి. ఆదాయంతో పనిలేకుండా మహిళలందరికీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. అందుకని లోక్ అదాలత్ అర్జీ మీ పేరుతో కాకుండా మీ భార్య పేరుతో పెట్టండి.