అరకు వీడియోలకు లక్షన్నర సామాను అక్కర్లేదు, కిలో బ్యాగు చాలు

ప్రశ్న: మా అబ్బాయి ఖమ్మంలో బీకామ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ట్రావెల్ వీడియోలు చేయడమే వృత్తిగా పెట్టుకుంటానంటున్నాడు. దసరా సెలవుల్లో స్నేహితులతో నాలుగు రోజులు అరకు వెళ్తున్నాడు. అందుకోసం కెమెరా, రెండు లెన్సులు, గింబల్ (కెమెరా కుదపకుండా పట్టే పిడి), డ్రోన్, ల్యాప్‌టాప్ కలిపి లక్షన్నర అడుగుతున్నాడు. అప్పు చేసి కొనివ్వమంటారా? అసలు ఈ దారిలో ఉద్యోగం దొరుకుతుందా?
– ఒక తల్లి

జవాబు: అప్పు చేయొద్దమ్మా. అబ్బాయి కోరికలో తప్పు లేదు, రాసుకున్న జాబితాలోనే తప్పుంది. ఆ సామానంతా సర్దితే బ్యాగు ఆరేడు కిలోలు తూగుతుంది. కిక్కిరిసిన రైల్లో, బొర్రా గుహల మెట్ల మీద ఆ బరువు మోస్తూ తిరిగితే మొదటి రోజు ఉత్సాహంగానే తీస్తాడు. రెండో రోజు మధ్యాహ్నానికి కెమెరా బ్యాగులోంచి బయటికి రాదు. పైగా ప్రయాణంలో మంచి దృశ్యం అర నిమిషం కూడా ఆగదు. లెన్స్ మార్చి, గింబల్ సరిచేసుకునేసరికి అది దాటిపోతుంది.

ఇప్పుడు చేతిలో ఉన్న ఫోన్‌తోనే మొదలుపెట్టనివ్వండి. దానికి తోడు సెల్ఫీ స్టిక్‌లా సాగే చిన్న ట్రైపాడ్, కాలర్ మైక్, 10,000 ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యం కొలత) పవర్ బ్యాంక్, రెండు పోర్టుల చార్జర్, రెండు కేబుళ్లు, ఫోన్‌కు నేరుగా పెట్టే 128 జీబీ ఓటీజీ పెన్‌డ్రైవ్, లెన్స్ తుడిచే మైక్రోఫైబర్ గుడ్డ, నాలుగు జిప్‌లాక్ కవర్లు. ఫోన్‌తో కలిపి కిలోకు కాస్త అటూ ఇటూ. కొత్తగా కొనేవాటి ఖర్చు ఐదారు వేలు దాటనివ్వకండి, అందులో మొదటి రూపాయి మైక్ మీద పెట్టండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే మాత్రం పది సెకన్లలో వెళ్లిపోతారు.

మైక్ కొనేటప్పుడు దాని పిన్ను చూడమనండి. పిన్ను మీద మూడు నల్ల గీతలుంటే అది ఫోన్‌కు పనిచేస్తుంది. రెండే గీతలుంటే కెమెరా కోసం చేసింది. ఫోన్‌కు పెడితే మైక్ పలకదు, ఫోన్ తన సొంత మైక్‌తోనే రికార్డు చేస్తుంది. తీసేవాడికి ఆ సంగతి ఇంటికొచ్చాక గానీ తెలియదు. ఫోన్‌కు గుండ్రటి జాక్ లేకపోతే టైప్-సి పిన్ను ఉన్న మైకే నేరుగా కొనండి, అడాప్టర్లతో తిప్పలు పడొద్దు. మైక్‌ను గడ్డానికి జానెడు కింద, చొక్కా బయటివైపు పెట్టాలి. లోపల పెడితే గుడ్డ రాపిడి వినిపిస్తుంది. కొండ మీద గాలి కొడితే మామూలు స్పాంజ్ ఆపలేదు, బొచ్చు తొడుగు ఉండాలి. ప్రతి చోటా ముందు పది సెకన్లు రికార్డు చేసి, ఇయర్‌ఫోన్‌లో విని, ఆ తర్వాతే అసలు మాట మొదలుపెట్టాలి. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే సగం పని నేర్చినట్టే.

పవర్ బ్యాంక్ మీద 10,000 అని రాసి ఉంటే 5,000 ఎంఏహెచ్ ఫోన్ రెండుసార్లు నిండుతుందని లెక్కేస్తారు. 3.7 వోల్టుల సెల్‌ను 5 వోల్టులకు పెంచేటప్పుడు కొంత శక్తి వేడిగా పోతుంది కాబట్టి ఒకటిన్నర సారే వస్తుంది. రాత్రి బసలో గోడ చార్జర్ దొరికే ప్రయాణానికి అంతే చాలు, 20,000ది దాదాపు రెట్టింపు బరువు. చార్జ్ పెట్టి షూట్ చేయొద్దనండి. ఫోన్ వేడెక్కి స్క్రీన్ మసకబారుతుంది, 4కె (బాగా ఎక్కువ స్పష్టత ఉండే) రికార్డింగ్ మధ్యలో ఆగిపోనూవచ్చు. ఎప్పుడైనా విమానంలో వెళ్తే పవర్ బ్యాంక్ చేతి సంచీలోనే ఉండాలి, చెక్-ఇన్ లగేజీలో పెట్టనివ్వరు. 100 వాట్ అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తి కొలత) వరకు ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్ అంటే 3.7 వోల్టుల లెక్కన 74 వాట్ అవర్లే.

ఇక తీయడం. విశాఖ నుంచి అరకు వెళ్లే రైలు దారిలో సొరంగాలు చాలా ఉన్నాయి. చీకట్లోకి వెళ్లగానే ఫోన్ తనంతట తాను వెలుగు పెంచేసుకుంటుంది, బయటికి రాగానే లోయంతా తెల్లగా పాలిపోతుంది. సొరంగానికి ముందే బయటి పచ్చదనం మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) లాక్ చేసుకుంటే సొరంగం నల్లగా వస్తుంది, లోయ సహజమైన రంగుల్లో తెరుచుకుంటుంది. మోచేతిని కిటికీ చట్రానికి ఆనించొద్దు, రైలు కుదుపంతా వీడియోలోకి ఎక్కుతుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించుకుంటే శరీరమే కుదుపును తాగేస్తుంది.

బొర్రా గుహల్లో వెలుతురు తక్కువ. అక్కడ 1ఎక్స్ అని ఉండే మామూలు లెన్సే వాడాలి, వైడ్ లెన్స్‌తోనూ జూమ్‌తోనూ బొమ్మ గరుకుగా వస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు (బొమ్మలు) పెడితే ఒక్కో ఫ్రేముకు అందే వెలుతురు తగ్గిపోతుంది కాబట్టి 30 పెట్టాలి. విద్యుద్దీపాల కింద వీడియోలో చారలు కదులుతుంటే ప్రో మోడ్‌లో (కెమెరా సెట్టింగులు మనమే మార్చుకునే చోట) షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెట్టాలి, మన కరెంటు 50 హెర్ట్‌జ్ కావడమే ఆ చారలకు కారణం. తేమకు లెన్స్ మీద ఆవిరి పడుతుంది, గుడ్డ జేబులోనే ఉండాలి. ట్రైపాడ్‌కు అనుమతి ఉందో లేదో టికెట్ కౌంటర్ దగ్గర అడగాలి. లేపాక్షి, రామప్ప వంటి పురావస్తు శాఖ కట్టడాల్లోనైతే ముందస్తు అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టనివ్వరు.

అరకులో బైక్ అద్దెకు తీసుకుంటే ఫోన్‌ను హ్యాండిల్‌కు బిగించొద్దని గట్టిగా చెప్పండి. ఇంజిన్ ప్రకంపనలకు లెన్స్‌ను స్థిరంగా ఉంచే భాగం దెబ్బతినొచ్చు. ఆపిల్ కంపెనీయే 2021లో తన ఫోన్ల గురించి ఈ హెచ్చరిక చేసింది.

స్టోరేజీ లెక్క ముందే వేసుకోవాలి. ఐఫోన్‌లో హెచ్‌ఈవీసీ (ఫైలును చిన్నగా కుదించే) ఫార్మాట్‌లో 4కె 30 ఫ్రేముల వీడియో నిమిషానికి సుమారు 170 ఎంబీ, అంతకంటే తక్కువ స్పష్టత ఉండే 1080పీ అయితే 60 ఎంబీ. ఆండ్రాయిడ్ ఫోన్లలో మోడల్‌ను బట్టి మారుతుంది, ఒక నిమిషం తీసి ఫైల్ సైజు చూస్తే తెలిసిపోతుంది. రోజుకు 40 నిమిషాలు 4కెలో తీస్తే నాలుగు రోజులకు 27 జీబీ. ఫోన్‌లో 40 జీబీ ఖాళీ చేసుకుని బయల్దేరితే నిశ్చింత. రోజూ రాత్రి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, అందులోంచే రెండు మూడు క్లిప్పులు ప్లే చేసి చూడాలి. ఇంటికి చేరేదాకా ఫోన్‌లోవి చెరపకూడదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, అంటే 4కెలో 24 నిమిషాల ఇంటర్వ్యూ దగ్గరే ఆగిపోతుంది. పెద్ద ఫైళ్లు పట్టే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి, ఫోన్ దాన్ని గుర్తిస్తుందో లేదో ఇంట్లోనే చూసుకోవాలి. ల్యాప్‌టాప్ తీసుకెళ్లక్కర్లేదు, తిరిగొచ్చాకే ఎడిటింగ్.

డ్రోన్ మాటే వద్దు. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధముంది కాబట్టి ఎవరో తెచ్చిచ్చినది కొనడం ప్రమాదం. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎక్కడ ఎగరేయొచ్చో ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో చూసుకోవాలి. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది, ఆ చుట్టుపక్కల ఎగరేస్తే కేసుల పాలవుతాడు.

ఉద్యోగం సంగతికొస్తాను. పొడవైన వీడియోలతో యూట్యూబ్ ప్రకటనల ఆదాయం మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఒక్కొక్కరు సగటున నాలుగు నిమిషాలు చూస్తారనుకుంటే 60,000 వ్యూస్ కావాలన్నమాట. ఆ డబ్బుతో అప్పు కిస్తీలు కడతానంటే నమ్మొద్దు. అయితే ఈ పని నేర్చినవాళ్లకు వేరే తలుపులున్నాయి. న్యూస్ ఛానళ్ల డిజిటల్ విభాగాలు, పెళ్లి వీడియో బృందాలు, హోటళ్లు, రియల్ ఎస్టేట్ సంస్థలు – వీళ్లందరికీ తీయడమూ ఎడిటింగూ రెండూ వచ్చినవాళ్లు కావాలి. చేసిన వీడియోలు చూపించమంటారు గానీ ఏ కెమెరా ఉందని మొదట అడగరు.

బీకామ్ మాత్రం మానుకోనివ్వకండి. ఈ రంగంలో సొంతంగా పనిచేసేవాడికి ఇన్‌వాయిస్, టీడీఎస్ (చెల్లింపులోనే కోసుకునే పన్ను), జీఎస్టీ తెలియాలి. డిగ్రీ అయ్యాక సీయూఈటీ పీజీ (కేంద్ర విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష) రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ కమ్యూనికేషన్‌కు, సీపీగెట్ (తెలంగాణ విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష) రాసి ఉస్మానియాలో జర్నలిజానికి ప్రయత్నించవచ్చు.

అరకు బయల్దేరే ముందు ఒక ఆదివారం సాయంత్రం ఇదే బ్యాగుతో ఖమ్మం ఖిల్లా ఎక్కి రెండు గంటలు తీసి, మూడు నిమిషాల వీడియోగా ఎడిట్ చేసి మీకు చూపించమనండి. బ్యాగులో ఏ వస్తువు బయటికే రాలేదో అది అరకుకు కూడా వద్దు. ఆ తర్వాత ఆరు నెలల్లో పన్నెండు వీడియోలు పూర్తి చేస్తే, అప్పుడు అడగండి: ఫోన్ వల్ల కుదరని షాట్ ఏది? దూరంగా ఉన్న పక్షులనో, చీకట్లో జరిగే జాతరనో ఖచ్చితంగా చెప్పగలిగితే, ఆ ఒక్క పనికి కావాల్సిన కెమెరాను ముందు ఒకరోజు అద్దెకు తెచ్చుకోనివ్వండి. కొనడం ఆ తర్వాత.