నలుగురిలో ఎవరి మాట నమ్మాలి?

ప్రశ్న: ఎంటెక్ ప్రాజెక్టు కోసం ఊపిరితిత్తుల సీటీ స్కాన్లున్న ఎల్ఐడీసీ-ఐడీఆర్ఐ డేటాబేస్ డౌన్‌లోడ్ చేసుకున్నాను. ఒక్కో సీటీ మీద నలుగురు రేడియాలజిస్టులు పెట్టిన గుర్తులు ఒకదానితో ఒకటి కలవడం లేదు. ఒకరు నాడ్యూల్ (చిన్న గడ్డ) అన్నచోట మిగతా ముగ్గురు అసలు గుర్తే పెట్టలేదు. మెజారిటీ తీసుకో అంటున్నారు మా గైడ్. అది కరెక్టేనా?
- ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ గైడ్ చెప్పింది వాడుకలో ఉన్న పద్ధతే. నాడ్యూల్స్‌ను కంప్యూటర్ ఎంత బాగా పడుతుందో చూసే లూనా16 పోటీ పెట్టినవాళ్లు ఇదే డేటాబేస్ నుంచి 888 స్కాన్లు తీసుకుని, నలుగురిలో కనీసం ముగ్గురు ఒప్పుకున్న 1,186 నాడ్యూల్స్‌నే లెక్కలోకి తీసుకున్నారు. అయితే ఒకరిద్దరే గుర్తుపెట్టినవాటిని వాళ్లు 'తప్పు' అనలేదు. పోటీకి వచ్చిన మోడల్ (కంప్యూటర్ ప్రోగ్రామ్) వాటిని చూపించినా మార్కులు కలపలేదు, తీసేయలేదు. మీరూ అలాగే పక్కన పెట్టండి, చెత్తబుట్టలో వేయకండి.

ఆ గుర్తులు ఎలా వచ్చాయో చూడండి. మొదట నలుగురూ ఎవరికి వారే చూశారు. రెండో విడతలో మిగతా ముగ్గురి గుర్తులు, పేర్లు లేకుండా, ముందు పెట్టారు. కావాలంటే తమ మాట మార్చుకోవచ్చు, అంతే. ఏకాభిప్రాయానికి రావాలన్న బలవంతం లేదు. అలా 1,018 స్కాన్లలో, మూడు మిల్లీమీటర్లు లేదా అంతకన్నా పెద్ద నాడ్యూల్ అని కనీసం ఒకరైనా అన్నవి 2,669. నలుగురూ అదే మాట అన్నవి 928 మాత్రమే.

ఈ లెక్క బయటివాళ్లకు టెన్షన్ పుట్టిస్తుందేమో, నాకు మాత్రం ఆశ్చర్యం కలగలేదు. రేడియాలజిస్టుగా ఇన్నేళ్లుగా నేను చేస్తున్న పని అదే కదా! రక్తనాళం అడ్డంగా తెగినచోట స్లైసులో (సీటీ తీసే ఒక్కో అడ్డుకోత బొమ్మలో) గుండ్రటి చుక్కలా కనిపిస్తుంది, అచ్చం నాడ్యూల్ లాగే. మౌస్ చక్రం కిందికీ పైకీ తిప్పి చూస్తాం. చుక్క పక్కకి జరుగుతూ సాగిపోతే నాళం. ఉన్నచోటే పుట్టి ఉన్నచోటే మాయమైతే నాడ్యూల్. రెండుగా చీలే చోట ఉన్న నాళం మాత్రం ఎంత అనుభవం ఉన్నా తికమక పెడుతుంది. అలాంటప్పుడు మేం "మూడు నెలల తర్వాత మళ్లీ సీటీ తీయించండి" అని రాసి ఊపిరి పీల్చుకుంటాం. పాపం, ఆ నలుగురికీ ఆ వెసులుబాటు లేదు. దాదాపు అందరివీ ఒక్కో స్కానే. అందుకే వాళ్ల తేడాలను దాచకుండా ఉంచేయడమే ఈ డేటాబేస్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం.

ఇంకో మాట. అందులో ఒకటి నుంచి ఐదు దాకా ఇచ్చిన 'మాలిగ్నెన్సీ' (క్యాన్సర్ అయ్యే అవకాశం) మార్కు కేవలం చూసినవారి అనుమానం. అది బయాప్సీ రిపోర్టు కాదు. రోగ నిర్ధారణ వివరాలున్నది 157 మందికే. కాబట్టి "నా మోడల్ క్యాన్సర్‌ను పట్టేసింది" అని థీసిస్‌లో రాయకండి. ఒకే పేషెంటు స్లైసులు మోడల్‌కు నేర్పే ట్రైనింగ్‌లోనూ, దాన్ని పరీక్షించే టెస్టింగ్‌లోనూ పడకుండా చూసుకోండి. చాలామంది గొప్ప స్కోర్ల గుట్టు అక్కడే ఉంటుంది. పైగా ఇవి అమెరికాలో పోగుచేసిన స్కాన్లు. మన దగ్గర టీబీ మానిపోయి మిగిల్చే మచ్చలు ఎక్కువ. వాటిని సరిగా చూడని మోడల్ కాకినాడ ఆసుపత్రిలో ఏం చేస్తుందో ఊహించుకోండి.

ప్రశ్న: మావారికి సీటీ తీశాక, స్కాన్‌ను పరిశోధనకు వాడుకుంటామని సంతకం అడిగారు. పేరు బయటపడుతుందా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: స్కాన్ ఫైలులో బొమ్మతో పాటు పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి పేరు కూడా దాగి ఉంటాయమ్మా. పద్ధతిగా నడిచే డేటాబేసుల్లో వాటిని తీసేశాకే బయటికిస్తారు. పైన చెప్పిన దాంట్లో స్కాన్ తేదీలను కూడా అసలువి ఉంచకుండా మార్చేశారు. మీరు అడగాల్సినవి: ఏమేం తీసేస్తారు, ఎవరికిస్తారు, తర్వాత మనసు మారితే ఎవరికి చెప్పాలి. ఒకసారి అందరికీ అందుబాటులో పెట్టాక, డౌన్‌లోడ్ అయిపోయిన కాపీలను వెనక్కి రప్పించలేరు. సంతకం పెట్టకపోయినా మీవారి వైద్యం ఆగదని వాళ్ల నోటితో చెప్పించుకుని, ఆ కాగితం కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకోండి.