ఒంటికి పడిందా, పడలేదా: ఇంప్లాంట్ల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే మాట ఉంది, "ఒంటికి పడిందా లేదా" అని. అందుకే వాటిని ఒక్కచోట పెట్టి జవాబు రాస్తున్నాను.

ప్ర: మేడమ్, మా అబ్బాయి బైక్ మీంచి పడి కాలు విరిగితే ఎనిమిది నెలల కింద ప్లేట్ పెట్టి ఆరు స్క్రూలు వేశారు. ఎముక అతుక్కుంది, వాడికి నొప్పి కూడా లేదు. కానీ చుట్టాలందరూ ఒంట్లో ఇనుము ఉంచుకోకూడదు, ఎప్పటికైనా ఒళ్ళు దాన్ని బయటికి తోసేస్తుంది, తీయించెయ్యండి అంటున్నారు. తీయించాలా?

జ: అమ్మా, ముందు ఆ భయం పక్కన పెట్టండి. ఒళ్ళు తోసెయ్యడం అనే మాట కిడ్నీ లాంటి అవయవం మార్చినప్పటి సంగతి, అక్కడ లోపలికి వచ్చేది ఇంకొకరి బతికున్న కణాలు కాబట్టి మన రక్షణ కణాలు వాటిని పరాయివని గుర్తుపట్టి దాడి చేస్తాయి. ప్లేట్ లోహం, దాని మీద అలాంటి గుర్తులేవీ ఉండవు. మరి ముల్లు దిగితే చీము పట్టి బయటికొస్తుంది కదా అంటారేమో, ముల్లు మురికితో సహా దిగుతుంది, అందుకే ఆ చీము. క్రిములు లేకుండా దిగిన లోహపు ముక్క ఒంట్లో దశాబ్దాలు ఉండిపోవచ్చు, యుద్ధాల్లో గాయపడ్డ సైనికులు అలా ముక్కలతోనే జీవితమంతా గడిపినవాళ్ళు ఎందరో ఉన్నారు.

అలాగని ఒళ్ళు దాన్ని పట్టించుకోదు అనుకోకండి, పట్టించుకుంటుంది, అదీ మొదటి సెకన్ల నుంచే. ప్లేట్‌కి రక్తం తగలగానే రక్తంలోని ప్రోటీన్లు, అంటే అల్బుమిన్, రక్తం గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ లాంటివి, దాని మీద పొరగా అంటుకుపోతాయి, ఆ తర్వాతే కణాలు వస్తాయి, కాబట్టి ఒక్క కణం కూడా అసలు లోహాన్ని నేరుగా తాకదు, ఆ ప్రోటీన్ పొరనే తాకుతుంది. మొదటి ఒకట్రెండు రోజులు న్యూట్రోఫిల్స్, తర్వాత మాక్రోఫేజ్‌లు, రెండూ మన రక్షణ కణాలే. మాక్రోఫేజ్ పని మింగడం, కానీ ఇంత పెద్ద ప్లేట్‌ని ఎలా మింగుతుంది? కుదరక కొన్ని కణాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పెద్ద కణం అయిపోతాయి, మైక్రోస్కోప్‌లో చూస్తే ఒకే కణంలో ఇరవై ముప్ఫై న్యూక్లియస్‌లు కనిపిస్తాయి. అయినా మింగలేకపోతే కొల్లాజెన్ అల్లే కణాల్ని పిలిచి చుట్టూ ఒక సంచీ కట్టేస్తాయి, మెత్తటి కండ వైపు రెండు నుంచి నాలుగు వారాల్లో అది తయారైపోతుంది. ప్లేట్ తీసే ఆపరేషన్‌లో ఇది కంటికే కనిపిస్తుంది, గుడ్డు పెంకు లోపల అతుక్కుని ఉండే తెల్లటి పొర గుర్తు తెచ్చుకోండి, అంత నున్నగా, ప్లేట్ ఆకారం అచ్చు దిగినట్టు ఉంటుంది. ఆ సంచీ పల్చగా ప్రశాంతంగా ఉంటే దాన్నే మనం "పడింది" అంటాం.

ఇక తీయించాలా అంటే, పెద్దవాళ్ళలో ఇబ్బంది పెట్టని ప్లేట్ అలాగే ఉంచెయ్యొచ్చు. ఎదిగే పిల్లల్లో, లేదా ప్లేట్ చర్మం కింద గుచ్చుకుంటుంటే, స్క్రూ వదులైతే తీస్తారు. తీయించడానికి ఒక న్యాయమైన కారణం ఇంకోటుంది: స్టీలు బిరుసు సుమారు 200 గిగాపాస్కల్స్, టైటానియం మిశ్రమానిది 110, గట్టి ఎముకది 20 లోపే, కాబట్టి బరువంతా ప్లేటే మోసి కింద ఎముకకి పని లేకపోతే ఆ ఎముక పల్చబడొచ్చు. కానీ తీసాక స్క్రూ రంధ్రాలు పూడేదాకా అక్కడే మళ్ళీ విరిగే ప్రమాదం ఉంది, అందుకే ఎనిమిది నెలలకే తొందరపడొద్దు. ఎక్స్‌రే చూసి మీ ఆర్థో డాక్టర్ చెప్పేది వినండి, చుట్టాల మాట కాదు.

ప్ర: పన్ను పోతే దవడలో టైటానియం స్క్రూ బిగించారు, పైన పన్ను పెట్టడానికి మాత్రం మూడు నెలలు ఆగమన్నారు. స్క్రూ గట్టిగానే ఉందిగా, ఇంకా ఎందుకు ఆగడం?

జ: ఇప్పుడు గట్టిగా ఉన్నది బిగింపు వల్ల, గోడలో దింపిన మేకులాగా. అసలు పట్టు ఎముక పెరిగి స్క్రూకి అతుక్కున్నప్పుడు వస్తుంది. ఈ రెండింటి మధ్యలో ఒక బలహీనమైన కాలం ఉంటుంది, స్క్రూ పక్కన నలిగిన పాత ఎముకని శరీరం తినేస్తూ ఉంటుంది, కొత్తది ఇంకా గట్టిపడదు, కాబట్టి సుమారు మూడు నాలుగు వారాలకి స్క్రూ పట్టు మొదటి రోజు కంటే తక్కువే ఉండొచ్చు. సరిగ్గా అప్పుడు దాంతో నమిలితే స్క్రూ సన్నగా కదులుతుంది. ఆ కదలిక 100, 150 మైక్రాన్లు దాటితే, అంటే ఒక వెంట్రుక మందం కంటే కాస్త ఎక్కువ, ఎముక రావాల్సిన చోట మెత్తటి పీచు కండ వస్తుంది, ఇక ఆ స్క్రూ నిలవదు. పాత పద్ధతిలో కింది దవడకి మూడు నెలలు, పై దవడకి ఆరు నెలలు అనేవాళ్ళు, ఇప్పుడు ఎముక బాగుంటే ముందే పెట్టేవాళ్ళూ ఉన్నారు, అది మీ దవడ చూసిన డెంటిస్టు తేల్చాలి.

ఎముక ఇలా టైటానియంకి అతుక్కుంటుందని స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్‌కి 1952లో అనుకోకుండా తెలిసింది. కుందేలు కాలి ఎముకలో రక్తప్రసరణ చూడ్డానికి ఆయన టైటానియంతో చేసిన చిన్న పరికరం పెట్టాడు, పని అయ్యాక తీద్దామంటే రాలేదు, ఎముక దాన్ని వదల్లేదు. ఇంకొకరైతే పరికరం పాడైందని విసుక్కుని వదిలేసేవారేమో, ఆయన ఎందుకు రాలేదు అని పట్టుకుని కూర్చున్నాడు, 1965లో మొదటిసారి మనిషి దవడలో ఇంప్లాంట్ పెట్టాడు. టైటానియం గాలి తగలగానే దాని మీద కొద్ది నానోమీటర్ల మందం ఆక్సైడ్ పొర వచ్చేస్తుంది, ఎముక అతుక్కునేది ఆ పొరకే.

ప్ర: అమ్మకి పన్నెండేళ్ళ కింద మోకాలి చిప్ప మార్పిడి చేయించాం. ఇన్నేళ్ళూ చక్కగా నడిచింది. ఇప్పుడు నొప్పి అంటే జాయింట్ వదులైంది, చుట్టూ ఎముక కరిగింది అన్నారు. ఇన్నేళ్ళు పడినది ఇప్పుడు పడకపోవడం ఏంటండీ?

జ: మీ బాధ అర్థమైంది, ఇలాంటప్పుడు అమ్మని సరిగా చూసుకోలేదేమో అని ఇంట్లోవాళ్ళు తమనే తిట్టుకుంటారు, దయచేసి అలా అనుకోకండి. ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా జాయింట్ వదులవుతుంది కాబట్టి డాక్టర్లు ముందు రక్తపరీక్ష, అవసరమైతే కీలులోని నీరు తీసి పరీక్ష చేసి అది లేదని తేల్చుకోవాలి. అది కాకపోతే ఎక్కువగా కారణం అరుగుదలే. రెండు లోహపు భాగాల మధ్య ఉండే పాలిథిలిన్ ప్లాస్టిక్ అడుగడుక్కీ కొంచెం కొంచెం అరిగి మైక్రాన్ కంటే చిన్న రేణువులు రాల్తాయి. పైన చెప్పాను కదా, మాక్రోఫేజ్ పెద్ద ప్లేట్‌ని మింగలేదని. ఈ రేణువుల్ని మాత్రం మింగగలదు! మింగి అరిగించుకోలేదు, ప్లాస్టిక్ కదా, అప్పుడు అది వరసగా వాపు సంకేతాలు వదుల్తుంది, వాటితో ఎముకని తినే ఆస్టియోక్లాస్ట్‌లు లేస్తాయి. అదే ప్లాస్టిక్ ఒకే ముక్కగా ఉన్నన్నాళ్ళూ ఏ గొడవా లేదు, పొడి అయ్యాకే ఈ గొడవంతా.

ఇది తుంటి కీలు మార్పిడిలో ముందే తెలిసొచ్చింది. ఇంగ్లండ్ సర్జన్ జాన్ చార్న్‌లీ 1950ల చివర్లో తుంటి కీలు గుంతలో టెఫ్లాన్ ప్లాస్టిక్ గిన్నెలు వాడాడు, మొదట్లో అద్భుతంగా పనిచేశాయి, రెండు మూడేళ్ళకే అరిగిపోయి ఆ పొడి చుట్టూ కండంతా పాడైంది, పేషెంట్లకి మళ్ళీ ఆపరేషన్లు చెయ్యాల్సి వచ్చింది. ఆయన టెఫ్లాన్, పాలిథిలిన్ రెండింటినీ సొంత తొడలోకి ఎక్కించుకుని ఏది ఎలా ప్రవర్తిస్తుందో చూసుకున్నాడు, టెఫ్లాన్ ఉన్నచోట గడ్డ కట్టింది. 1962లో పాలిథిలిన్‌కి మారాడు. తన పేషెంట్ల ఒంట్లో పెట్టేదాన్ని తన ఒంట్లోనే పరీక్షించుకున్న ఆ మనిషంటే నాకు చాలా గౌరవం. 1990ల చివరి నుంచి వాడుకలోకి వచ్చిన క్రాస్‌లింక్ చేసిన, అంటే అణువుల గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేసిన పాలిథిలిన్ చాలా తక్కువ అరుగుతుంది. మీ అమ్మగారికి భాగాలు మార్చే రివిజన్ ఆపరేషన్ ఉంది, ఎముక ఇంకా కరగకముందే మాట్లాడండి, వాయిదా వెయ్యొద్దు.

ప్ర: శుక్లం ఆపరేషన్ అయి రెండేళ్ళు, మళ్ళీ మసక. లెన్స్ పాడైందా?

జ: దాదాపుగా లెన్స్ బాగానే ఉండి ఉంటుంది. మీ పాత లెన్స్ తీసేసినా దాని చుట్టూ పుట్టుకతో ఉన్న సంచీని ఉంచుతారు, అందులో కొన్ని కణాలు మిగిలిపోతాయి, గాయం మాన్పుతున్నామనుకుని అవి కొత్త లెన్స్ వెనక వైపుకి పాకుతాయి, అదే మసక. యాగ్ లేజర్‌తో కొద్ది నిమిషాల్లో వెలుగుకి దారి చేస్తారు, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కంట్లో ప్లాస్టిక్ నిలుస్తుందన్న ఆలోచన రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చింది, విమానాల కాక్‌పిట్ అద్దాల ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్ళల్లో దిగినా పెద్దగా వాపు రాకపోవడం ఇంగ్లండ్ కంటి డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ గమనించాడు, 1949 నవంబర్ 29న లండన్‌లో మొదటి లెన్స్ పెట్టాడు.

ప్ర: ఇంప్లాంట్ పెట్టే ఆపరేషన్ ముందు ఒంటి మీద చిన్న పుండు ఉందని వాయిదా వేశారు. అంత చిన్నదానికేనా?

జ: అవును, వాళ్ళు మంచి పని చేశారు. 1957లో వాలంటీర్ల మీద చేసిన ఒక ప్రయోగంలో మామూలు చర్మంలో చీము పట్టించడానికి లక్షల్లో స్టాఫిలోకాకస్ అనే క్రిములు కావాల్సి వచ్చింది, అదే ఒక కుట్టుదారం లోపల ఉంటే కొన్ని వందలు సరిపోయాయి. పరాయి వస్తువు మీద క్రిములు ముందు చేరితే జిగురు పొర కట్టుకుంటాయి, ఇక యాంటీబయాటిక్స్ వాటిని సరిగా చేరలేవు. మన కణాలు ముందు చేరితే ఆ చోటు మనది.

ప్ర: నేను బయోమెడికల్ స్టూడెంట్‌ని. ఒళ్ళు అస్సలు స్పందించని మెటీరియల్ ఉందా మేడమ్?

జ: లేదు బాబూ, స్పందన లేకపోతే గాయం మానడమూ ఉండదు, అందుకే ఇప్పుడు పరిశోధనంతా దాన్ని ఆపడం మీద కాదు, మళ్ళించడం మీద. పేస్‌మేకర్ తీగ కొనలో కొంచెం స్టెరాయిడ్ పెడతారు, గుండె కండ దగ్గర పొర పల్చగా ఉండి తక్కువ కరెంటుతో పని జరుగుతుంది. మెగ్నీషియం స్క్రూలు ఎముక అతికాక కరిగిపోతాయి, హైడ్రోజన్ గ్యాస్ వదుల్తాయి కాబట్టి మెల్లగా కరిగే మిశ్రమాలు చేస్తున్నారు. నాకు అన్నిటికంటే ఇష్టమైంది రంధ్రాల పద్ధతి: ఒకే ప్లాస్టిక్‌ని నున్నగా పెడితే చుట్టూ మందపాటి సంచీ, 30, 40 మైక్రాన్ల రంధ్రాలతో పెడితే మాక్రోఫేజ్‌లు లోపలికి దూరతాయి, వాటి వెంట రక్తనాళాలు వస్తాయి. మొదటిసారి అలాంటి స్లైడ్ చూసినప్పుడు నేను చాలాసేపు మైక్రోస్కోప్ దగ్గర నుంచి లేవలేదు, రసాయనం ఏమీ మారలేదు, రంధ్రం ఒక్కటే తేడా, ఆ రంధ్రం మధ్యలో సన్నటి రక్తనాళం, అందులో ఎర్ర కణాలు ఒకదాని వెనక ఒకటి వరసగా.